రెండో బంతి రివ్యూ

మైకు మీద ఎర్రదీపం వెలిగి చాలాసేపైంది. ఆదిలక్ష్మి గారు చెప్పాల్సింది పచ్చడి రుబ్బే యంత్రం గురించి. ఆవిడ ఇంకా ఒక పెళ్లి దగ్గరే ఉన్నారు.

"ముహూర్తం పట్టపగలు. ఎండ నెత్తి మీద ఉంది. మావారికి వేళకి అన్నం పడకపోతే కళ్లు తిరుగుతాయి. ఆ సంగతి ఈ మనిషికి తెలుసు. తెలిసీ, సొంత పెద్దమ్మ కొడుకుని, అన్న వరస అయినవాణ్ణి, ఆకు ముందు కూర్చున్నవాణ్ణి లేపాడు. ఎవరో ఆఫీసర్లొచ్చారు, మీరు రెండో బంతికి కూర్చోండి అన్నాడు."

డాక్టర్ ప్రసూన మెల్లిగా, "అమ్మా, రోలు గురించి చెప్పండి," అంది.

"దాని గురించే చెప్తున్నానమ్మా. తొందరపడితే ఎలా? రెండో బంతికి గోంగూర పచ్చడి అయిపోయింది. గోంగూర లేకుండా లేచారు మావారు. పోయేదాకా ఆ మాటే అనుకున్నారు. అలాంటివాడు చేసిన రోలు ఎలా ఉంటుంది మరి?"

గదికి ఆ చివర మేడిశెట్టి గవర్రాజు కూర్చుని ఉన్నాడు. ఆ పెళ్లి ఆయన కూతురిదే. ఆ రోలూ ఆయనదే. ఆయన తల దించుకుని చేతిగడియారం తిప్పుకుంటున్నాడు.

ఊరి సంగతి కొంచెం చెప్పకపోతే ఈ గొడవ అర్థం కాదు. అప్పటికి కాకినాడలో దుకాణం అన్నది లేదు. మెయిన్ రోడ్డు పొడుగునా చెట్లు, బల్లలు, పైన సామాను మోసుకుపోయే డ్రోన్లు. ఏది కావాలన్నా "సంత" అనే యాప్‌లోనే కొనాలి. వెనకటి రోజుల్లో కుండ కొనాలంటే వేలికణుపుతో కొట్టి, మోత విని కొనేవారు. బియ్యం నాలుగు గింజలు పంటికింద వేసుకునేవారు. బెండకాయ కొస విరిచేవారు. చీర కొంగు గుప్పిట్లో నలిపి, వదిలి, మళ్లీ చూసేవారు. అది కొనడమంటే. ఇప్పుడు చూడ్డానికి బొమ్మ, నమ్మడానికి పక్కవాడి రివ్యూ. అంతే.

ఆ రివ్యూలు చూస్తే ఒళ్లు మండేది. "సూపర్" అని ఒకడు. ఏది సూపరో చెప్పడు. "ఇంకా పెట్టె విప్పలేదు, డబ్బా బాగుంది, ఫైవ్ స్టార్" అని ఒకావిడ. "నాకు నీలం నచ్చింది, మా ఆవిడకి పచ్చ కావాలట, వన్ స్టార్" అని ఇంకొకడు. చీపురు కొని "ఊడవడానికి పనికొస్తుంది" అని రాసినవాడు కూడా ఉన్నాడు. ఇలాంటివాళ్ల మాట నమ్మి పెనం కొంటే అట్టు అంటుకోక ఏం చేస్తుంది?

అందుకే ప్రసూన ఈ యంత్రం కనిపెట్టింది. దానికి పెట్టిన పేరు చేట.

పేరులోనే పని ఉంది. బియ్యం చేటలో పోసి చెరిగితే బరువున్న గింజ లోపల నిలుస్తుంది, తేలికైన పొట్టు ఎగిరి ముందుకి పడుతుంది. ఈ యంత్రం మాటల్ని అలా చెరుగుతుంది. రాయడం రానివాళ్లు కూడా మైకు ముందు కూర్చుని నోటితో చెప్పొచ్చు. లోపలి కంప్యూటర్ ఒక్కొక్క వాక్యాన్ని పట్టుకుని ఒకటే అడుగుతుంది. ఇది వస్తువు గురించా, మనిషి గురించా? వస్తువు గురించైతే గింజ. మనిషి గురించైతే పొట్టు. దానికి ఇంకో పని కూడా ఉంది. ఆ కాలంలో ప్రతి వస్తువులోనూ ఆవగింజంత చిప్ ఒకటి ఉండేది. వస్తువుని ఎప్పుడు వాడారో, ఎంతసేపు వాడారో అది గుర్తు పెట్టుకుంటుంది. చెప్పేవాళ్లు సరేనంటే చేట ఆ చిప్‌ని కూడా అడుగుతుంది. స్టార్లు నోటిని బట్టి వెయ్యదు, చేతిని బట్టి వేస్తుంది. రోజూ వాడుతూ చెత్త అంటే నమ్మదు. మూల పడేసి అద్భుతం అన్నా నమ్మదు.

చేటకి మొట్టమొదటి పరీక్షగా గవర్రాజు గొడవని పంపారు సంత వాళ్లు. కారణం ఉంది.

గవర్రాజుది సామర్లకోట. కరెంటుతో తిరిగే రాతి రోలు చేస్తాడు. మిక్సీ బ్లేడు కోస్తుంది, రోలు నూరుతుంది. కోసిన పచ్చడికీ నూరిన పచ్చడికీ తేడా తెలియనివాళ్లకి ఎంత చెప్పినా దండగ. ఆయన షెడ్డులో రాయికి ఉలితో, చేత్తో గాట్లు కొట్టే మనుషులు ఇంకా ఉన్నారు. మెషీను కొట్టిన గాటు నునుపుగా ఉండి పప్పు జారిపోతుందని ఆయన నమ్మకం. ఆ పని మిగిలిన షెడ్డు అదొక్కటే.

ఆ రోలుకి సంతలో అందరికంటే పైన కనపడే రివ్యూ ఆదిలక్ష్మి గారిది. మేనకోడలి చేత టైపు కొట్టించారు. వన్ స్టార్. దాన్ని చదవనివాళ్లు లేరు. చదివి రోలు కొనుక్కున్నవాళ్లున్నారు. కొనుక్కుని, పచ్చడి ఆకులో చివరి మెతుకుదాకా కలుపుకుని తిని, ఆ తర్వాత వాళ్లూ వన్ స్టారే ఇచ్చారు. కారణం ఏం రాశారంటే, "రోలు బాగుంది. అయినా ఆదిలక్ష్మి గారి భర్తకి జరిగింది అన్యాయం." అమ్ముడుపోవడం పోతూనే ఉంది, స్టార్లు మాత్రం పడిపోయాయి. ఇంతలో సంత కొత్త రూలు పెట్టింది. రెండు స్టార్లకి తగ్గిన సరుకు దసరా తర్వాత యాప్‌లో ఉండదు. యాప్‌లో లేకపోతే ఊళ్లో లేనట్టే. షెడ్డు మూసి, ఉలి పట్టినవాళ్లని ఇళ్లకి పంపాల్సిందే.

కాబట్టి ఆ వదినా మరిదీ ఒకే గదిలో కూర్చోవాల్సి వచ్చింది. కూర్చున్నారు గాని మాట్లాడుకోలేదు. ఏం కావాలన్నా ప్రసూన ద్వారానే.

"అమ్మాయ్, ఆ గడియారం తిప్పడం మానమని చెప్పు. చప్పుడుకి నాకు మాట తడబడుతోంది," అన్నారు ఆదిలక్ష్మి గారు.

గవర్రాజు గడియారం మీంచి చెయ్యి తీసేశాడు. "అది రోలు చప్పుడు కన్నా తక్కువేనని చెప్పండి డాక్టరు గారూ. ఆవిడకి రోలు చప్పుడు అలవాటేగా."

"నాకేం అలవాటు? అటక మీద పడేశానని చెప్పమ్మా."

చిప్‌ని అడగడానికి ఆవిడ ముందే సరేనని ఉన్నారు. చేట పచ్చదీపం వెలిగించింది. ఆదిలక్ష్మి గారింటి రోలులో ఉన్న చిప్ చెప్పిన సంగతి తెర మీద పడింది. రోలు ఆ పొద్దున కూడా తిరిగింది.

అందరూ ఆవిడ వంక చూశారు. ఆవిడ పమిట సర్దుకుని, "దొండకాయ పచ్చడి. ఏం, తినకూడదా?" అన్నారు.

ఆవిడ రోలు మంచీచెడూ కూడా చెప్పి ముగించాక చేట పని మొదలుపెట్టింది. పెళ్లి ఎగిరిపోయింది. ఎండ, ఆఫీసర్లు, అయిపోయిన గోంగూర, ఎప్పుడో అడిగితే గవర్రాజు వాళ్ల నాన్న ఇవ్వని నిచ్చెన, అన్నీ ఎగిరిపోయాయి. చివరికి మిగిలింది ఇది.

"రోజూ వాడతాను. గోంగూర, కొబ్బరి, పండుమిరప బాగా నూరుతుంది, పచ్చడి నీళ్లు ఊరదు. మినప్పప్పుకి ఎక్కువసేపు పడుతుంది. బరువు, ఒక్కరే ఎత్తలేరు. తడిచేత్తో మూత రాదు. నలుగురున్న ఇంటికి సరిపోతుంది. పెళ్లిళ్లకి చాలదు."

కింద నాలుగు స్టార్లు.

గవర్రాజు లేచి నిలబడ్డాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రసూన చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. సంత మనుషులు చప్పట్లు కొట్టారు. ఇంత చక్కటి రివ్యూ, కొనేవాడికి ఇంత పనికొచ్చే రివ్యూ సంత పెట్టిన నాటినుంచీ రాలేదన్నారు. అందులో అబద్ధం లేదు.

ఆదిలక్ష్మి గారు తెర మీదున్నదాన్ని చదివి వినిపించమన్నారు. విన్నారు. మళ్లీ ఒకసారి చదవమన్నారు. ఆవిడ మాటల్లో ఎక్కడా ఆవిడ భర్త లేడు.

"నా మాటలన్నీ తీసేశారు," అన్నారు ఆవిడ, లేచి చెప్పులు వేసుకుంటూ. "మరి నా పేరెందుకు ఉంచారమ్మా?"



*

ఆ నెలలోనే చేట ఊరంతా వచ్చేసింది. సంతలో పాత రివ్యూలన్నిటినీ చెరిగి పారేశారు. జనం కూడా తొందరగానే నేర్చుకున్నారు. వస్తువుని దేనికి వాడారో, ఎన్నాళ్లు వాడారో, మీ ఇంట్లో ఎంతమందో, మీ నీళ్లు ఉప్పునీళ్లా మంచినీళ్లా, ఆ వస్తువు ఎవరికి పనికిరాదో, ఇవి చెప్తే చేటలో నిలుస్తాయి. మిగతాది గాలికి పోతుంది. పోయేమాట చెప్పడం ఎందుకని జనమే మానేశారు. ఒక్క పనికిమాలిన కొనుగోలు లేదు. పెనాలకి అట్లు అంటుకోలేదు. ప్రసూనకి టౌన్‌హాల్లో శాలువా కప్పారు. శాలువా రంగు పోయేరకమని ఆమె ముందే రివ్యూలో చదివి ఉంది, అయినా కప్పించుకుంది.

అలవాటు నోటికి కూడా పట్టింది. సంబంధం చూసుకుని వచ్చిన ఒక పిల్లని అబ్బాయి ఎలా ఉన్నాడే అని ఇంట్లోవాళ్లు అడిగితే, "శబ్దం తక్కువ. పొద్దున్న ఆలస్యంగా మొదలవుతాడు. ఇద్దరున్న ఇంటికి సరిపోతాడు. ఉమ్మడి కుటుంబానికి సిఫారసు చెయ్యను," అందట.

అంతా బాగానే ఉందనుకుంటూ ఉండగా అమ్మకాలు పడిపోయాయి.

సంత వాళ్లకి అంతు పట్టలేదు. జనం యాప్ తెరుస్తున్నారు. రివ్యూలు చదువుతున్నారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. చదివి మూసేస్తున్నారు. అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది గవర్రాజు. నాలుగు స్టార్ల రోళ్లు షెడ్డులో గోడలెత్తున పేరుకున్నాయి. రాళ్లు కొట్టేవాళ్లు ఉలులు పక్కన పెట్టి కబుర్లు చెప్పుకుంటున్నారు. చెడ్డపేరు ఉన్నప్పుడు తిన్న అన్నం, మంచిపేరు వచ్చాక కరువైంది ఆయనకి.

ప్రసూన ఇళ్లకి వెళ్లి అడగడం మొదలుపెట్టింది. జగన్నాథపురంలో భ్రమరాంబ అనే టీచరు సంగతి తేల్చి చెప్పింది. ఆవిడ ముందే ఒక రోలు కొనుక్కుంది, చెల్లెలికి ఇంకొకటి పంపుదామని చూసి మానేసింది.

"అన్నీ మంచిగానే ఉన్నాయండి," అంది భ్రమరాంబ. "ఎవరు చెప్తున్నారో తెలియట్లేదు. అన్నీ ఒకే మనిషి చెప్పినట్టున్నాయి. పాత రివ్యూ చదివినప్పుడు నేనేమనుకున్నానంటే, అంత కసి ఉన్న మనిషి, నిచ్చెన దగ్గరనుంచీ ఏదీ వదలని మనిషి, పచ్చడికి మాత్రం వంక పెట్టలేకపోయింది. ఇక ఆలోచించేదేముందని కొనేశాను."

ప్రసూన లాబ్‌కి తిరిగొచ్చింది. ఎగరగొట్టిన పొట్టంతా చేట ఒక మూల దాచే ఉంచింది. సైంటిస్టులు దేన్నీ పారెయ్యరు. ఆ పొట్టు గది తలుపు తీసేసరికి లోపల లాబ్ మనుషులంతా టీ గ్లాసులు పట్టుకుని కూర్చుని ఉన్నారు. స్పీకర్‌లో ఎవరో పెద్దాయన కుక్కర్ గురించి చెప్తూ బావమరిదిని తిడుతున్నాడు. ఒకమ్మాయి నవ్వలేక పొట్ట పట్టుకుంది. రోజూ ఇదే పనట. ఆ కుక్కర్ తామంతా ఒక్కొక్కటి కొనుక్కున్నామని కూడా చెప్పారు.

ప్రసూన కాసేపు గుమ్మంలోనే నిలబడింది. ఆ తర్వాత తనకీ ఒక టీ తెమ్మంది.

*

మర్నాడు పొద్దున్నే ఆదిలక్ష్మి గారి గుమ్మం ముందు ప్రసూన, ఆమె వెనక గవర్రాజు నిలబడ్డారు. లోపల రోలు తిరుగుతోంది. చప్పుడు ఆగాక ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ప్రసూనకి ఒక్కదానికే కుర్చీ వేశారు.

"ఆ వెనకాయన్ని ఏం పనో అడుగమ్మా."

గవర్రాజు ఈసారి ప్రసూన వైపు చూడలేదు. "వదినా," అన్నాడు. ఆ పిలుపు ఆయన నోట వచ్చి చాలా ఏళ్లైంది. "నన్ను మళ్లీ తిట్టాలి."

ఆవిడ మొహంలో ఏమీ కదల్లేదు.

ప్రసూన సంగతి వివరించింది. చేట పద్ధతి మార్చేస్తానంది. స్టార్లు ఎప్పటిలాగే చేతిని బట్టి వేస్తుంది. వాటిని ఎవరి కోపం తగ్గించలేదు, ఎవరి మొహమాటం పెంచలేదు. నోటి మాట మాత్రం చెరగదు, చెప్పింది చెప్పినట్టు ఉంచుతుంది. గింజ, పొట్టు, అన్నీ. ఆవిడ పాత మాటలు కూడా భద్రంగా ఉన్నాయని, సరే అంటే ఇప్పుడే పెట్టేస్తానని అంది.

"చద్దివి ఎందుకు?" అన్నారు ఆదిలక్ష్మి గారు. "ఒకసారి ఊరి ముందు తీసి పారేసినవి మళ్లీ ఏరి తెస్తావా? తిడితే కొత్తగా తిడతాను. కానీ నా తిట్లు అంత చవగ్గా దొరకవని మీ గవర్రాజు గారికి చెప్పు."

"ఏం కావాలో చెప్పు వదినా."

ఆవిడ గోడకున్న భర్త ఫోటో వైపు చూశారు. ఆయన పేరు సూరన్న. తలపాగా చుట్టుకుని, ఎవరో నవ్వకండి అన్నట్టు బిగుసుకుని ఉన్నాడు ఫోటోలో.

"నీ షెడ్డులో ఆయుధపూజ చేసి భోజనాలు పెడతావుగా. నేనొస్తాను. మొదటి బంతి, మొదటి ఆకు నాది. నా పక్కాకు ఆయనది. మనిషి లేడని మానొద్దు. ఆకు వేసి వడ్డించాలి. ముందు గోంగూర వెయ్యాలి. నువ్వే వెయ్యాలి, వంటవాళ్లు కాదు."

గవర్రాజు అలాగే అన్నాడు.

ఆయుధపూజ నాడు షెడ్డంతా కడిగి, ఉలులకీ సుత్తులకీ పసుపు కుంకుమ పెట్టి, రోళ్ల మీద బంతిపూలు వేశారు. మొదటి బంతికి ఆకులు పరిచారు. లేనివాడికి ఆకెయ్యడం పండగపూట ఏం మంచిదని గవర్రాజు అక్కగారు సణిగింది. ఆకలితో లేచిన మనిషికి పండగేమిటమ్మా అని ఆదిలక్ష్మి గారు తిప్పికొట్టారు. ఆవిడ జరీ అంచు చీర కట్టుకుని, మొదటి ఆకు ముందు కూర్చున్నారు. పక్కన పీట, పీట ముందు ఆకు, ఆకు పక్కన మంచినీళ్ల గ్లాసు. పీట మీద ఎవరూ లేరు.

గవర్రాజు గోంగూర పచ్చడి గిన్నె పట్టుకుని వచ్చాడు. ఆ పొద్దున తన చేత్తో, తన రోట్లో నూరింది. ఖాళీ పీట ముందు వంగి, "అన్నయ్యా, వేస్తున్నాను," అని ఆకు మొదట్లో పెద్ద ముద్ద పెట్టాడు. వంగినవాడు లేవడానికి కొంచెంసేపు పట్టింది.

ఆదిలక్ష్మి గారు పమిట చెంగు కళ్లకి అద్దుకున్నారు. తర్వాత తిన్నారు. నెయ్యి తగినంత ఉంది. పప్పు చిక్కగా ఉంది. పులిహోరలో పోపు మాడలేదు. వంక పెట్టడానికి ఏ మూలా దొరకలేదు. ఎదుటి వరసలో కూర్చున్న ప్రసూనకి ఆవిడ మొహం చూస్తుంటే ఏదో భయం పుట్టింది. ఆ మొహం మెత్తబడిపోతోంది.

"అమ్మాయ్, నీ ఫోన్ తియ్యి," అన్నారు ఆదిలక్ష్మి గారు. "ఇప్పుడే చెప్పేస్తాను. ఇంటికి వెళితే మనసు ఎటు తిరుగుతుందో."

ప్రసూన చెయ్యి కడుక్కొచ్చి ఫోన్ పట్టింది.

"మా మరిది గవర్రాజు బంగారం," అని మొదలుపెట్టారు ఆవిడ. "అతని మనసు మంచిది. అతని రోలు మంచిది. అందరూ కొనుక్కోండి. సూపర్."

వడ్డించేవాళ్ల చేతులు ఆగిపోయాయి. రాళ్లు కొట్టే మనుషులు తలలెత్తి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఊళ్లో ఎవరూ నమ్మని మాటలు అవి. ఆవిడ నోట్లోంచి, అదీ ఇంత ప్రేమగా. ప్రసూన ఏం చెయ్యాలో తెలియక గవర్రాజు వైపు చూసింది. గవర్రాజు షెడ్డు గోడల దాకా పేరుకున్న రోళ్లని చూశాడు. వరసగా కూర్చున్న తన మనుషుల్ని చూశాడు. వదినని చూశాడు.

ఆ తర్వాత గోంగూర గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

బంతిలో మారు వడ్డన అంటే తెలుసు కదా. తింటున్నవాళ్ల దగ్గరికి ఇంటాయన వచ్చి, ఇంకొంచెం వేసుకోండి అని అడగాలి. వాళ్లు వద్దు వద్దు అనాలి. ఈయన వెయ్యాలి. అడగకపోవడం అంటే చాల్లే లెమ్మన్నట్టు. గవర్రాజు ఖాళీ పీట దగ్గరికి వచ్చి, "అన్నయ్యా, ఇంకొంచెం," అని ఇంకో ముద్ద వేశాడు. అక్కణ్ణుంచి పక్కాకు దగ్గరికి వచ్చాడు. ఆదిలక్ష్మి గారి ఆకులో గోంగూర అయిపోయి ఉంది. ఆవిడ వద్దనడానికి అప్పుడే చెయ్యి అడ్డం పెట్టారు. గవర్రాజు ఆ చెయ్యి చూడనట్టు, ఆ ఆకు దాటి, మూడో ఆకు దగ్గర వంగి, "ఇంకొంచెం వేసుకోండి," అన్నాడు.

అడ్డం పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పెరుగు వేసుకోలేదు. నిదానంగా లేచారు. "అది తుడిచెయ్యమ్మా," అని ప్రసూనతో అన్నారు. "మళ్లీ మొదటినుంచి చెప్తాను."

ఆ రివ్యూ ఇప్పటికీ సంతలో ఉంది. మొత్తం ఇక్కడ చెప్పేంత చోటు లేదు. అందులో ఒక ముక్క ఇది.

"ఇంత పొడుగు చెయ్యి అడ్డం పెట్టాను, కనపళ్లేదట. ఉలి గాటు కనపడుతుంది, నా చెయ్యి కనపడదు. వాళ్ల నాన్నా ఇంతే, నిచ్చెన ఇవ్వలేదు. ఆ గోంగూర నాలుక మీద ఉండగానే నన్ను దాటిపోయాడు, పాపిష్టివాడు. మెత్తగానూ లేదు, పలుగ్గానూ లేదు. ఎండుమిరప గింజ పంటికి తగుల్తోంది, ఈనె మాత్రం తగలట్లేదు. అలా నూరేది ఆ రోలొక్కటే. మినప్పప్పుకి చాలాసేపు తిప్పాలి, ఆ సమయంలో నేను ఇతన్ని తిట్టుకుంటాను. మూత తడిచేత్తో రాదు, ఇతని మనసులాగే. నాకు మారు అడగని మనిషికి ఒక్క స్టారు కూడా దండగ."

దాని కింద చేట, చేతిని బట్టి, నాలుగు స్టార్లు వేసింది.

దీపావళికి ముందే షెడ్డు ఖాళీ అయింది. రాళ్లు కొట్టేవాళ్లు కొత్తవాళ్లకి పని నేర్పడం మొదలుపెట్టారు. భ్రమరాంబ టీచరు చెల్లెలికే కాదు, ఆడపడుచుకి కూడా పంపింది.

అక్కడితో ఆగితే మనుషులెందుకవుతారు? కిటుకు ఊళ్లో పాకింది. ఆ ఏడాది కాకినాడలో సరుకు చేసి అమ్మే ప్రతివాడూ విందు పెట్టి, నోరున్న పెద్దవాళ్లని వెతికి మరీ పిలిచాడు. ఒకచోట నెయ్యి వెయ్యలేదు. ఒకచోట తాంబూలంలో వక్క మరిచారు. ఒకచోట పెద్దాయన్ని పేరు పెట్టి పిలిచి, గారు అనలేదు. పరుపులు చేసేవాడు సొంత అత్తగారిని పీట మీద కూర్చోమనకుండా అరగంట నిలబెట్టాడు. పరుపులు బ్రహ్మాండంగా పోయాయి, భార్య మాత్రం ఇంకా మాట్లాడటం లేదు. ఎప్పుడూ ఎవరూ పట్టించుకోని ముసలివాళ్లకి వారం వారం పిలుపులే. కడుపునిండా భోజనం, దాని మీద ఒక అవమానం. మర్యాద జరిగిన ఇళ్లకి వెళ్లడం మానేశారు వాళ్లు.

చేట కనిపెట్టిన ప్రసూనకి ఇదంతా చూస్తే నవ్వొచ్చేది, కొంచెం బాధా వేసేది. గవర్రాజు కావాలనే ఆకు దాటాడని ఆమెకి తెలుసు. ఆదిలక్ష్మి గారికి తెలియదేమో, నిజంగానే నొచ్చుకుని ఉంటారేమో అనిపించి, ఒక రోజు సంగతి చెప్పేద్దామని వాళ్లింటికి వెళ్లింది.

ఆవిడ భోజనానికి కూర్చోబోతున్నారు. ప్రసూనకీ కంచం పెట్టారు. గూట్లో ఒక పెద్ద గాజుసీసా ఉంది. దాన్నిండా గోంగూర పచ్చడి, పైన నూనె తేలుతోంది. అలాంటివే ఇంకో రెండు ఖాళీవి కడిగి పక్కన బోర్లించి ఉన్నాయి. సీసా మూత మీద సామర్లకోట షెడ్డు గుర్తు ఉంది. పంపినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా లేదు.

"నెలనెలా వస్తోంది," అన్నారు ఆదిలక్ష్మి గారు, ప్రసూన చూపు చూసి. "నన్ను దాటినప్పుడు వాడి చెయ్యి వణికిందమ్మా. గిన్నెలో గరిట టకటకలాడింది. నేను పక్కనే కూర్చున్నాను, నాకు వినపడదా?"

ప్రసూన చెప్దామని తెచ్చిన మాట చెప్పకుండానే అయిపోయింది. కాసేపు అన్నం కలుపుకుని, "మరి ఈ సీసాల సంగతి రివ్యూలో చెప్పలేదేం అమ్మా?" అని అడిగింది.

ఆదిలక్ష్మి గారు సీసా మూత తీసి, ప్రసూన కంచంలో ఒక ముద్ద వేశారు. వద్దంటున్నా ఇంకో ముద్ద వేశారు.

"చేట కనిపెట్టావు గాని చెరగడం తెలీదే నీకు," అన్నారు. "పొట్టు వీధిలోకి ఊదుతారు తల్లీ. గింజ ఇంట్లో పోసుకుంటారు."